గిల్బర్ట్ ఉంటే పారాసెటమాల్ వేసుకోవచ్చా?

ప్రశ్న: నా వయసు 27, బరువు 48 కిలోలు. రక్తపరీక్షలో బిలిరుబిన్ 2.6 వచ్చింది, అందులో డైరెక్ట్ (నీటిలో కరిగే రకం) 0.4. లివర్ దెబ్బతింటే పెరిగే ఎస్‌జీపీటీ 24. గిల్బర్ట్ సిండ్రోమ్ అన్నారు. జ్వరం వచ్చినా, శనివారం ఒక్కపొద్దు ఉన్నప్పుడు తలనొప్పి వచ్చినా డోలో 650 వేసుకుంటాను. ఈ జబ్బులో అది లివర్‌ను పాడుచేస్తుందని పరిశోధనల్లో తేలిందట, నిజమేనా? ఇంట్లోవాళ్లేమో కామెర్లకు పసరు తాగమంటున్నారు.

జవాబు: డోలో అంటే పారాసెటమాలే, వేసుకోవచ్చు. నా అభ్యంతరమల్లా ఒక్కపొద్దు రోజు ఖాళీ కడుపున వేసుకునే మాత్రతోనే.

గిల్బర్ట్ అంటే, మీకు పుట్టుకతోనే యూజీటీ1ఏ1 అనే ఎంజైమ్ మామూలులో మూడో వంతే పనిచేస్తుంది. బిలిరుబిన్‌ను నీటిలో కరిగేలా మార్చి పైత్యరసంలోకి పంపే ఎంజైమ్ ఇది. పారాసెటమాల్‌లో దాదాపు సగం ఇలాంటి మార్పుతోనే ఒంట్లోంచి పోతుంది. అనుమానం పుట్టింది అక్కడే. మిగతాదాంట్లో ఎక్కువ భాగం సల్ఫేట్‌గా మారుతుంది. 5-10 శాతం మాత్రం నాప్‌క్వి అనే విషంగా మారితే, కాలేయంలోని గ్లూటాథయోన్ అనే రక్షక పదార్థం దాన్ని విరిచేస్తుంది.

గిల్బర్ట్ ఉన్న కొద్దిమందిపై జరిగిన చిన్న అధ్యయనాల్లో కొన్ని, ఆ విషం దారి పట్టే మందు కాస్త పెరిగిందన్నాయి. మరికొన్నింటిలో తేడా లేదు. పారాసెటమాల్‌ను మార్చడంలో అదే కుటుంబానికి చెందిన యూజీటీ1ఏ6, 1ఏ9 ఎంజైమ్‌లది పెద్ద చెయ్యి, 1ఏ1ది చిన్న వాటా. పైగా ఆ అధ్యయనాలు కొలిచింది రక్తంలో, మూత్రంలో మందు ఏ రూపంలో ఉందని. అంతమాత్రాన కాలేయం దెబ్బతిన్నట్టు కాదు.

ఇక ఒక్కపొద్దు. తిండి లేకపోతే గ్లూటాథయోన్ నిల్వ తగ్గుతుంది, గిల్బర్ట్‌లో బిలిరుబిన్ కూడా పెరుగుతుంది. ఆ రోజు తలనొప్పి వస్తే ముందు నీళ్లు తాగండి, ఏదైనా తినండి, తగ్గకపోతే అప్పుడు మాత్ర. అన్నట్టు, జ్వరంలో కళ్లు ఇంకాస్త పచ్చబడితే అది చాలావరకు జ్వరం వల్ల, తిండి తగ్గడం వల్ల. నింద మాత్రం మాత్ర మీద పడుతుంది.

మీ బరువుకు 500 మి.గ్రా. మాత్ర చాలు. ఆరు గంటల ఎడంతో, రోజుకు నాలుగు (2 గ్రాములు) దాటొద్దు. లెక్క తప్పేది ఎక్కడంటే, జలుబు మాత్రల్లోనూ, ఎసిక్లోఫెనాక్ కలిపిన నొప్పి మాత్రల్లోనూ పారాసెటమాల్ ఉంటుంది. అట్ట వెనక చదవండి. మద్యం రోజూ తాగేవారికి, టీబీకి ఐసోనియాజిడ్ వాడేవారికి విషం తయారీ పెరగవచ్చు కాబట్టి వాళ్లు డాక్టర్‌ను అడగకుండా వాడకూడదు. పారాసెటమాల్‌కు భయపడి ఐబూప్రొఫెన్‌కు మారడం తెలివి కాదు. ఆ జ్వరం డెంగీ అయితే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది.

పసరు వద్దు. గిల్బర్ట్ పచ్చదనం దానంతటదే తగ్గుతుంది, ఆ పేరు పసరుకు వస్తుంది. కొన్ని ఆకుమందులు మాత్రం ఆరోగ్యంగా ఉన్న కాలేయాన్నే చెడగొడతాయి.

గిల్బర్ట్‌లో మూత్రం ముదురు రంగుకు తిరగదు, ఎందుకంటే పెరిగిన బిలిరుబిన్ నీటిలో కరిగేది కాదు. నీళ్లు బాగా తాగినా మూత్రం టీ డికాషన్‌లా ఉంటే, మలం తెల్లబడితే, ఒళ్లు దురద పెడితే అది వేరే జబ్బు, వెంటనే చూపించుకోండి. హిమోగ్లోబిన్, రెటిక్యులోసైట్ కౌంట్ (కొత్త ఎర్రకణాల లెక్క) ఇంతవరకు చేయించకపోతే ఒకసారి చేయించండి, ఎర్రకణాలు విరిగిపోతున్నా ఇలాంటి రిపోర్టే వస్తుంది. పొరపాటున మాత్రలు ఎక్కువ మింగితే, బాగానే ఉన్నా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి: తొలి రోజు లక్షణాలేమీ కనిపించకపోవచ్చు, విరుగుడైన ఎసిటైల్‌సిస్టీన్ 8 గంటల్లోపు మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది.