వివాదాల్లో ఉన్న మత సంస్థలకు పన్ను వేయాలా? ముందు రసీదు ఇప్పించండి

ప్రశ్న ఇది: "వివాదాలున్న ఆశ్రమాలు, మత సంస్థల మీద ప్రభుత్వం పన్ను వేయాలా? ఏది అసలైన మతమో, ఏది కాదో ప్రభుత్వమే తేల్చాలా?"

రెండో దానికి వద్దు అని ఒక్క మాటలో చెప్పేస్తాను. మొదటి దానికి జవాబు చెప్పాలంటే మా మేనత్త సంగతి చెప్పాలి.

అత్తయ్య తెనాలి దగ్గర ఒక పల్లెలో టీచరుగా చేసి రిటైరైంది. మామయ్య పోయాక ఏడాది పాటు ఆ ఇంట్లో పొయ్యి సరిగ్గా వెలగలేదు. రెండు ముద్దలు తిని చెయ్యి కడిగేసుకునేది. ఆ రోజుల్లో పక్కింటావిడ వెంట ఒక ఆశ్రమానికి వెళ్లడం మొదలుపెట్టింది. పేరు చెప్పను. పొద్దున భజన, మధ్యాహ్నం అన్నదానం, సాయంత్రం స్వామివారి మాటలు. మూడు నెలలు తిరిగేసరికి మనిషి మళ్లీ మామూలు మనిషైంది. తోటకూర పప్పు చేశాను, వచ్చి తినిపోరా అని నాకు ఫోన్ చేసింది. ఇది నేను కళ్లారా చూశాను. అందుకే టీవీ చర్చల్లో కూర్చుని ఆశ్రమాలకు వెళ్లేవాళ్లంతా బుర్రలేనివాళ్లన్నట్టు మాట్లాడేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. కొడుకులు, కూతుళ్లు, నాలాంటి మేనల్లుళ్లు చేయలేని పని అక్కడ ఎవరో చేశారు. దాన్ని బూటకం అనే హక్కు నాకు లేదు, కలెక్టరుకూ లేదు.

2018లో రెండు మోకాళ్లూ మార్చాలన్నారు డాక్టర్లు. విజయవాడ ఆసుపత్రిలో అడ్వాన్సు కట్టమన్నారు. పాస్‌బుక్ తీసి చూస్తే పదిహేడు వేలు మిగిలింది. రిటైర్మెంటు డబ్బులోంచి ఒకసారి యాభై వేలు, ఇంకోసారి రెండు లక్షలు తీసినట్టు ఉంది. ఎప్పుడూ చేతికి ఉండే జత గాజులు, నాలుగు కాసులవి, అవీ లేవు. ఏమయ్యాయి అంటే అత్తయ్య నోరు విప్పదు. అత్తయ్య కూతురు మా వదిన. ఆవిడ భర్తకు అనుమానం నేరుగా అత్తయ్య కొడుకు, మా బావ మీదికి పోయింది. బావ ఆ ఏడాదే రెండు గేదెల్ని కొన్నాడు. తల్లి డబ్బు తిని గేదెలు కొన్నాడన్న మాట వచ్చేసింది. ఆసుపత్రి వరండాలో బావమరుదులిద్దరూ చొక్కాలు పట్టుకున్నారు. సెక్యూరిటీ వాళ్లు వచ్చి విడదీశారు. అత్తయ్య చక్రాల కుర్చీలో కూర్చుని అదంతా చూస్తూనే ఉంది. అప్పుడు కూడా చెప్పలేదు.

రాత్రి నేను ఒక్కడినే ఉన్నప్పుడు చెప్పింది, ఆశ్రమానికి ఇచ్చానని. మరి అంత గొడవ జరుగుతుంటే ఎందుకు చెప్పలేదు అత్తయ్యా అంటే, "గుప్తదానం రా. బయటికి చెప్పుకుంటే ఫలం పోతుందన్నారు" అంది.

డబ్బు వెనక్కి అడగడానికి ఆవిడ చచ్చినా ఒప్పుకోదు. నేనూ అడగమనలేదు. కొడుకు మీద నింద పోవడానికి రసీదు తెచ్చుకుందాం అన్నాను. దానికి ఒప్పుకుంది. ఆటోలో వెళ్లాం. ఆఫీసు గది మెట్ల మీద ఉంది. ఆరు మెట్లెక్కడానికి ఆవిడకు ఎంతసేపు పట్టిందో నాకు గుర్తుంది, ప్రతి మెట్టు మీదా ఆగి గోడ పట్టుకుంది.

లోపల తెల్లబట్టల్లో ఒకాయన చాలా మర్యాదగా మాట్లాడాడు. మజ్జిగ ఇప్పించాడు. రబ్బరు బ్యాండు వేసిన రసీదు పుస్తకాలు బీరువాలోంచి తీశాడు. నేను అప్పటికి ఒక ఆడిటర్ గారి ఆఫీసులో ఏళ్ల తరబడి పనిచేసి ఉన్నాను, కౌంటర్‌ఫాయిల్ కట్టలు, అంటే రసీదు చించాక పుస్తకంలో మిగిలే సగాలు, తిరగేయడం నాకు అలవాటే. యాభై వేలది దొరికింది. "అన్నదానం నిమిత్తం - ఒక భక్తురాలు" అని ఉంది. పేరు లేదు, ఊరు లేదు. దాని ముందు పేజీలో "ఒక భక్తుడు", వెనక పేజీలో "ఒక భక్తురాలు". పుస్తకం సగం వరకు తిప్పాను, అంతా భక్తులే.

రెండు లక్షల సంగతి అడిగితే, అది ధ్యాన మందిరం స్లాబుకు ఇచ్చింది, ఆ పుస్తకం వేరు, పెద్దల దగ్గర ఉంటుంది అన్నాడు. గాజుల సంగతి అడిగాను. "స్వామికి సమర్పించుకున్నదానికి రసీదేమిటి బాబూ" అన్నాడు. కోపంగా కాదు. నిజంగా అర్థం కానట్టే అడిగాడు. అత్తయ్య నా భుజం పట్టుకుని, "ఇక చాలు, పదరా" అంది.

ఆ కౌంటర్‌ఫాయిల్‌కి ఫోటో తీసుకుని వచ్చాం. తేదీ, మొత్తం పాస్‌బుక్‌తో సరిపోయాయి కాబట్టి యాభై వేల వరకు నింద పోయింది. రెండు లక్షలకు పోలేదు. అత్తయ్య నోటితో చెప్పినా, కొడుకును కాపాడుకోవడానికి చెబుతోంది అనేశారు. ఆపరేషన్‌కి బావే అప్పు తెచ్చి కట్టాడు. వదిన వాళ్లు ఎనిమిది నెలలు ఆ గడప తొక్కలేదు.

ఇప్పుడు పన్ను సంగతికి వస్తాను. మన దేశంలో మత సంస్థలకు పన్నే లేదు అని చాలామంది అనుకుంటారు. తప్పు. షరతుల మీద మినహాయింపు ఉంది. నేను చెప్పే సెక్షన్లు 1961 ఆదాయపు పన్ను చట్టంలోవి. 2025లో పార్లమెంటు కొత్త చట్టం చేశాక నంబర్లు మారాయి గానీ ముఖ్యమైన షరతులు ఇవే: ట్రస్టు రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి, వచ్చిన ఆదాయంలో 85 శాతం ఆ ధర్మానికే ఖర్చు పెట్టాలి. స్థాపించినవాళ్లకో వాళ్ల చుట్టాలకో లాభం చేరితే సెక్షన్ 13 కింద ఆ మేరకు మినహాయింపు పోతుంది. ఇవన్నీ మంచి షరతులు. స్వామి ఏం బోధిస్తున్నాడని ఎక్కడా అడగవు, డబ్బు ఎటు పోయిందని అడుగుతాయి. అలాగే ఉండాలి.

కానీ ఒక పెద్ద తలుపు తెరిచి పెట్టారు. పేరూ చిరునామా రాసుకోని విరాళాల మీద, కొంత పరిమితి దాటితే, 30 శాతం పన్ను వేసే సెక్షన్ ఒకటి ఉంది, 115బీబీసీ. 2006 బడ్జెట్‌లో తెచ్చారు. మతం కోసమే పెట్టిన ట్రస్టులను దాన్నుంచి తప్పించారు. హుండీలో పదో పాతికో వేసేవాడి పేరు ఎవరు రాసుకుంటారు అన్నది కారణం. హుండీ వరకు అది న్యాయమే. అదే తలుపులోంచి రెండు లక్షల నోట్ల కట్ట, నాలుగు కాసుల గాజులు కూడా లోపలికి పోతున్నాయే, దాని సంగతేమిటి? చేతికి ఇచ్చిన పెద్ద మొత్తం హుండీ చిల్లరతో సమానం ఎలా అవుతుంది? ఆ "ఒక భక్తురాలు" అన్న రెండు మాటలు చట్టం ఇచ్చిన వెసులుబాటు వల్లే అక్కడ ఉన్నాయని నా గట్టి నమ్మకం. గుప్తదానం అంటే ఇచ్చినవాడు గొప్పలు చెప్పుకోకూడదని. పుచ్చుకున్నవాడు లెక్క రాయకూడదని మన పెద్దలెవరూ అనలేదు.

ఏది మతమో తేల్చే పని పెట్టుకున్న దేశాలు ఏం బావుకున్నాయో సైంటాలజీ అనే వివాదాస్పద సంస్థ విషయంలో చూడండి. అమెరికా పన్ను శాఖ 1967లో వాళ్ల మినహాయింపు తీసేసింది, 26 ఏళ్లు కొట్లాడి 1993లో మళ్లీ ఇచ్చేసింది. ఆస్ట్రేలియాలో జీతాల మీద వేసే పన్ను కేసు హైకోర్టు దాకా పోయి, 1983లో అది మతమే అని తేలింది. అక్కడ అన్నిటికన్నా పై కోర్టు పేరే హైకోర్టు. బ్రిటన్‌లో 1999లో చారిటీ కమిషన్ కాదు పొమ్మంది, 2013లో అక్కడి సుప్రీంకోర్టు వాళ్ల చాపెల్‌లో పెళ్లి రిజిస్టర్ చేయొచ్చు, అదీ ప్రార్థనా స్థలమే అంది. అదే సంస్థ, అవే పుస్తకాలు, ఊరికో తీర్పు. ఫ్రాన్స్ మాత్రం 2009లో మోసం నేరం కింద కేసు నడిపి జరిమానా వేసింది. అది మతమా కాదా అని తేలేదాకా ఆగలేదు. నాకు నచ్చింది అదే.

మన దగ్గరా ఈ తలనొప్పి తక్కువేం లేదు. రామకృష్ణ మిషన్ వాళ్లు తమది హిందూ మతం కాదు, వేరే మతం, మైనారిటీ హక్కులు ఇవ్వాలని కోర్టులో వాదించారు. కాలేజీల మీద ప్రభుత్వ పెత్తనం తప్పించుకోవడానికి అంత పెద్ద సంస్థ ఆ మాట అనాల్సి వచ్చింది. 1995లో సుప్రీంకోర్టు కాదు, మీరు హిందువులే అంది. నిర్వచనం మీద డబ్బూ అధికారమూ ఆధారపడితే మంచివాళ్లు కూడా అలా మాట్లాడాల్సి వస్తుంది. అంతకుముందు 1954లోనే ఉడుపి శిరూరు మఠం కేసులో సుప్రీంకోర్టు రెండు మాటలు చెప్పింది. మతమంటే నమ్మకమే కాదు, ఆచారాలు కూడా మతంలో భాగమే అన్నది ఒకటి. మఠాల దగ్గర మద్రాసు ప్రభుత్వం వసూలు చేసే వార్షిక చందా నిజానికి పన్నే, అలా వేయడానికి రాష్ట్రానికి అధికారం లేదన్నది రెండోది. ఆ తర్వాత చట్టాల్లో దాన్ని ఫీజుగా మార్చి రాసుకున్నారు, అది వేరే కథ.

ఇక్కడ నా పాత కడుపుమంట ఒకటి చెప్పాలి. గుళ్ల పాలన మీద వేసిన చల్లా కొండయ్య కమిషన్ తర్వాత 1987లో మనకు దేవాదాయ చట్టం వచ్చింది. మా ఊరి శివాలయం ఆ శాఖ కిందే ఉంది. హుండీ విప్పితే ఈవో ఉండాలి, ఇన్‌స్పెక్టర్ రావాలి, ఊరివాళ్ల ముందు చాప మీద పోసి లెక్కపెట్టాలి. ఆ డబ్బులోంచి సర్వశ్రేయోనిధికి (ఆదాయం లేని గుళ్లకు సాయం చేసే నిధి), శాఖ నిర్వహణకు వాటా కట్టాలి. గుడి మాన్యం కౌలు వేలం కూడా వాళ్లే వేస్తారు. మా పూజారి గారు దీపానికి నూనె లేక దాతల్ని అడుక్కున్న రోజులున్నాయి. అదే రోడ్డు మీద రెండు కిలోమీటర్ల అవతల ఆశ్రమానికి చుట్టూ ప్రహరీ, లోపల ఏసీ హాలు, లెక్క చూసే ఊరి మనిషి ఒక్కడూ లేడు. గుడికి అంత నిఘా ఎందుకు, ఆశ్రమానికి అంత స్వేచ్ఛ ఎందుకు అని అడిగితే, గుడి పబ్లిక్‌ది, ఆశ్రమం ప్రైవేటు ట్రస్టుది అంటారు. అత్తయ్య డబ్బు రెండు చోట్లా ఒకటే కదా. చర్చికీ, మసీదుకూ, మఠానికీ, బాబా ఆశ్రమానికీ ఒకటే రూలు పెట్టండి. ఏటా జమాఖర్చు తెలుగులో రాసి గేటు దగ్గర బోర్డు మీద అంటించాలి. పదివేలు దాటితే పేరుతో రసీదు ఉండాలి. బంగారమైతే తూకంతో సహా రాయాలి. పెట్టనివాళ్లకు ఆ ఏడాది మినహాయింపు ఉండకూడదు.

ఫీజు తీసుకుని చేసే పనికి మామూలు పన్ను పడాల్సిందే, అందులో నాకు రెండో మాట లేదు. పతంజలి యోగపీఠ్ ట్రస్టు యోగా శిబిరాల ప్రవేశ రుసుమును విరాళం అంది. సర్వీసు పన్ను ట్రిబ్యునల్ అది ఫీజే అంది, 2024లో సుప్రీంకోర్టూ కాదనలేదు. యోగా మతమా కాదా అన్న చర్చతో పని లేకుండానే తేలిపోయింది.

జపాన్ వాళ్లకు ఇవి చాలా ఆలస్యంగా తెలిసొచ్చాయి. ఓం షిన్రిక్యో అనే సంస్థకు 1989లో మత సంస్థగా గుర్తింపు ఇచ్చారు. 1995 మార్చిలో ఆ సంస్థ వాళ్లే టోక్యో మెట్రోలో సారిన్ విషవాయువు వదిలారు. ఆ తర్వాతే చట్టం సవరించి, మత సంస్థలు ఆస్తుల పట్టిక, జమాఖర్చు ప్రభుత్వానికి ఇవ్వాలన్నారు. 2022లో మాజీ ప్రధాని షింజో అబేను కాల్చి చంపినవాడి తల్లి యూనిఫికేషన్ చర్చికి ఉన్నదంతా ఇచ్చి ఇల్లు గుల్ల చేసుకుంది. ఆ ఏడాది డిసెంబరులో విరాళాల మీద చట్టం చేశారు. అప్పు చేసైనా ఇవ్వు, ఉంటున్న ఇల్లు అమ్మైనా ఇవ్వు అని అడగడం ఇప్పుడక్కడ నిషేధం. కొన్ని పరిస్థితుల్లో భార్యాబిడ్డలు కూడా కొంత వెనక్కి అడగొచ్చు. 2025 మార్చిలో టోక్యో జిల్లా కోర్టు ఆ చర్చి రద్దుకు ఆదేశించింది.

ఆ చట్టం సంగతి చదివిన రోజు నేను బావకు ఫోన్ చేసి చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మన దగ్గర ఉంటే మాత్రం అమ్మ ఒప్పుకునేదా" అన్నాడు. నిజమే. ఫిర్యాదు రాద్దామని నేను కాగితం పట్టుకెళితే అత్తయ్య సంతకం పెట్టలేదు. ఇప్పటికీ పౌర్ణమికి ఆశ్రమానికి వెళుతుంది, నేను ఊళ్లో ఉంటే నేనే బండి మీద గేటు దాకా దింపుతాను. వదిన వాళ్లు సంక్రాంతికి వస్తున్నారు, మాటలు కలిశాయి. ఆ రెండు లక్షల ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు. స్లాబు పుస్తకం నాకు ఎవరూ చూపించలేదు, గాజులు ఏ పుస్తకంలోనూ లేవు.