మస్టర్లు గట్టిగా చదివిన ఊళ్లలో నాకు దొరికిన ధైర్యం

మీరు అడిగింది ఇది: "రోజూ అన్యాయాల గురించి చదివి చదివి మనసు మొద్దుబారిపోయింది. సిటీలో ఉద్యోగం చేసుకునే నేను ఒక్కణ్ణే ఏం మార్చగలను? నలుగురితో కలిసి పనిచేయడంలో, పాటల్లో, ఉద్యమాల్లో మీలో ఎవరికైనా నిజంగా ఆశ దొరికిందా?"

నాకు దొరికింది. ఎక్కడ, ఎలా అన్నది కాస్త వివరంగానే రాస్తాను. ఊరికే "ధైర్యంగా ఉండండి" అంటే మీకు ఒరిగేదేమీ లేదు.

మాది అనంతపురం జిల్లా. శెనక్కాయ పంట, ఎండిపోయిన బోర్లు, వాటి కోసం చేసిన అప్పులు. నాన్న బెంగళూరులో బిల్డింగ్ పనులకు పోయేవాడు, అమ్మ కరువు పనికి పోయేది. ఉపాధి హామీని మా వైపు చాలామంది కరువు పని అనే అంటారు. ఆ పథకం దేశం మొత్తానికి మొదలైంది మా జిల్లాలోనే, 2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లిలో. అప్పటి చట్టం ప్రకారం కుటుంబానికి ఏడాదికి 100 రోజుల పని. అడిగిన 15 రోజుల్లో పని చూపించకపోతే భృతి ఇవ్వాలని ఉండేది. కాగితం మీద ఇంత మంచి చట్టం ఉండి కూడా, అమ్మ పనిచేసిన వారాలకీ పోస్టాఫీసులో వచ్చిన డబ్బుకీ లెక్క కుదిరేది కాదు. ఎవరిని అడగాలో ఆమెకు తెలీదు. డిగ్రీ చదివిన నాకూ తెలీదు. పేపర్లో రైతుల ఆత్మహత్యల వార్తలు చదువుతూ ఇంట్లో కూర్చునేదాన్ని. మీరు మొద్దుబారడం అన్నారే, సరిగ్గా అదే స్థితి.

ఆ రోజుల్లో సామాజిక తనిఖీకి కూలి కుటుంబాల్లోని చదువుకున్న పిల్లల్ని తీసుకుంటున్నారని తెలిసి నేనూ చేరాను. ఉపాధి చట్టం 17వ సెక్షన్ ప్రకారం ఊళ్లో జరిగిన పనులన్నిటినీ తనిఖీ చేసే అధికారం గ్రామసభకు ఉండేది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీన్ని 2006లోనే మొదలుపెట్టారు. 2009లో ఇందుకోసమే ఒక స్వతంత్ర సొసైటీ పెట్టారు. తర్వాత 2011లో కేంద్రం దేశమంతటికీ నియమాలు చేసినప్పుడు మన పద్ధతినే చాలావరకు ఆదర్శంగా తీసుకుంది. ఈ విషయం మన వాళ్లలోనే చాలామందికి తెలియకపోవడం నాకు బాధగా ఉంటుంది.

శిక్షణలో మాకు మొదట చెప్పింది రాజస్థాన్ కథ. 1990 మే 1న అక్కడ మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ ఏర్పడింది. ఐఏఎస్ ఉద్యోగం వదిలేసి వచ్చిన అరుణా రాయ్, నిఖిల్ డే, శంకర్ సింగ్ లాంటివాళ్లు దేవ్‌డుంగ్రీ అనే చిన్న ఊళ్లో మట్టి ఇంట్లో ఉంటూ కూలీలతో కలిసి కట్టిన సంఘం అది. 1994 డిసెంబరులో కోట్ కిరాణా అనే ఊళ్లో మొదటి జన్ సున్వాయీ, అంటే ప్రజా విచారణ, జరిగింది. ప్రభుత్వ రికార్డుల్లో ఏముందో జనం ముందు గట్టిగా చదవడం, నిజమేనా అని అడగడం, అంతే. 1996లో బ్యావర్‌లో 40 రోజుల ధర్నా చేశారు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి ధాన్యం వచ్చింది, కూరగాయలు వచ్చాయి. పాటలు, బొమ్మలాటలు రోజూ ఉండేవి. "మా డబ్బు, మా లెక్క" అన్న వాళ్ల నినాదమే దేశమంతా పాకి 2005లో సమాచార హక్కు చట్టం దాకా వచ్చింది. రాజస్థాన్‌లోనే తిలోనియా అనే ఊళ్లో ప్రపంచ బ్యాంకు నివేదికల కాగితాలను నానబెట్టి, ఆ గుజ్జుతో ఆడించే బొమ్మలు చేశారని చెప్పినప్పుడు నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. మనకు అర్థం కాకుండా రాసిన కాగితం మన చేతిలో బొమ్మై మన మాట మాట్లాడుతుందన్నమాట.

పని ఎలా ఉండేదంటే, సొంత ఊరికి పంపరు. వేరే ఊరికి వెళ్లి బళ్లోనో గుళ్లోనో పడుకోవాలి. ఎవరి పని తనిఖీ చేస్తున్నామో వాళ్ల ఇంట్లో కాఫీ కూడా తాగకూడదు. మండల ఆఫీసు నుంచి మస్టర్లు (ఎవరు ఎన్ని రోజులు పనికి వచ్చారో రాసే హాజరు పట్టీలు), కొలతల పుస్తకం, చెల్లింపుల జాబితా జిరాక్సులు తెచ్చుకుంటాం. పగలు టేపు పట్టుకుని కందకాలూ చెరువు పూడికతీతా కొలుస్తాం. పొద్దుగూకాక కూలీలు ఇళ్లకు చేరే వేళకి ఇంటింటికీ తిరిగి జాబ్ కార్డు, పాస్‌బుక్కు పక్కన పెట్టుకుని మస్టర్ చదువుతాం. "ఫలానా వారం ఆరు రోజులు పోయినావా అక్కా? ఇంత డబ్బు వచ్చిందా?"

ఒక ఊళ్లో జరిగింది చెబుతాను. ఎస్సీ కాలనీలో ఒక అరుగు మీద కూర్చుని చదువుతున్నాం. యాభై దాటిన ఒక ఆమె పేరు వచ్చింది. కాగితంలో ఆమె రెండు వారాలు జంగిల్ కటింగ్ పనికి పోయినట్టుంది, ఎదురుగా వేలిముద్ర ఉంది. చూపించగానే ఆమె ముఖం మారిపోయింది. డబ్బు గురించి అడుగుతుందనుకున్నాను.

"ఈ ఏలిముద్ర నాది కాదు పాపా. నాకు సంతకం వస్తాది. యాల ఏస్తాను ఏలిముద్ర?"

పొదుపు సంఘంలో పట్టుబట్టి నేర్చుకుందట. నా చేతిలో పెన్ను లాక్కుని, ఆ జిరాక్సు వెనక వైపు, మోకాలి మీద పెట్టుకుని, నాలుక పళ్ల మధ్య నొక్కిపెట్టి ఒక్కో అక్షరం గీసింది. ఒత్తు దగ్గర ఆగింది, మళ్లీ దిద్దింది. పూర్తయ్యాక కాగితం పైకెత్తి చుట్టూ ఉన్నవాళ్లకి చూపించింది. "చూడండ్రీ, ఇదీ నా సంతకం."

అప్పటిదాకా "మాకెందుకు తల్లీ ఈ గొడవ, రేపు పని ఈకపోతే?" అంటున్నవాళ్లు ఒక్కొక్కరే వచ్చి కూర్చోవడం మొదలుపెట్టారు. "నాది చూడు, మా కోడలిది చూడు." లాంతరు తెచ్చినవాళ్లు తెచ్చారు, మజ్జిగ తెచ్చినవాళ్లు తెచ్చారు. బెంగళూరుకు వలసపోయిన కొడుకు పేరు మీద కూలి పడినట్టు ఒక ముసలాయన కనిపెట్టాడు. రాత్రి చాలాసేపటి దాకా ఆ అరుగు ఖాళీ కాలేదు. పాస్‌బుక్కులో తక్కువ పడిన డబ్బును ఎవరికి వాళ్లు తమ ఖర్మ అనుకున్నారు. పక్కింటావిడకీ అంతే పడిందని తెలియగానే అది ఖర్మ కాదని తేలిపోయింది. నా మొద్దుబారినతనం వదలడం అక్కడ మొదలైంది. నేను చేసింది చదవడం మాత్రమే.

ఇక పాటల సంగతి. గ్రామసభకు జనం రావాలంటే దండోరా వేయించినంత మాత్రాన రారు. మా వైపు చెక్కభజన బాగా ఆడతారు. రామాలయం ముందర గుండ్రంగా తిరుగుతూ, చేతుల్లో గజ్జెలు కట్టిన చెక్కలు వాయిస్తూ, గురువు ఒక చరణం అంటే మిగతావాళ్లు అందుకుంటారు. ఒక ఊళ్లో భజన గురువును బతిమాలి ఆయన వరసలోనే మాటలు కట్టాం. గొప్ప కవిత్వమేమీ కాదు, ఇలా ఉండేది:

కట్ట మీద మన్ను మోసిందెవరో చెప్పమ్మా
మేమే మేమే మేమమ్మా
కాగితాన ఉన్న పేరు ఎవరిదో చూడమ్మా
చదివితే తెలుస్తాదమ్మా

రెండో రోజుకే ఊరివాళ్లు సొంత చరణాలు కలిపేశారు. కొలతల పుస్తకంలో మాత్రమే జరిగిన చెరువు పూడికతీత మీద ఒకటి, పని చోట ఎప్పుడూ కనిపించని నీడ పందిరి మీద ఇంకొకటి. నేరుగా ఎవరి పేరూ లేదు, కానీ ఎవరి గురించో అందరికీ తెలుసు. సభలో లేచి మాట్లాడటానికి జంకే మనిషి గుంపులో పాడటానికి జంకదు. పాడిన గొంతు మర్నాడు సభలో పెగులుతుంది. పాటను "కార్యక్రమం మొదట్లో వినోదం" అనుకునే సంఘాలంటే నాకు అందుకే ఒప్పుదల లేదు. మా దగ్గర పాటే సగం తనిఖీ చేసింది.

ఆ తర్వాత మండల కేంద్రంలో ప్రజావేదిక. టెంటు కింద ఒకవైపు అధికారులు, ఇంకోవైపు కూలీలు. ఒక్కో ఊరి నివేదిక మైకులో చదువుతారు, బాధ్యులు అక్కడే జవాబు చెప్పాలి. సంతకం పెట్టిన ఆమె ఆ రోజు వచ్చింది. ముందు రాత్రి ఎవరో ఇంటికొచ్చి "పెద్దోళ్లతో నీకెందుకు" అని బెదిరించారట. మైకు దగ్గర ఆమె చెయ్యి వణకడం నేను చూశాను. వెనక నుంచి వాళ్ల కాలనీ ఆడవాళ్లు లేచి నిలబడ్డారు, ఏమీ మాట్లాడలేదు, నిలబడ్డారంతే. ఆమె చెప్పాల్సింది చెప్పింది. రెండు వారాల కూలి రికవరీకి రాశారు, సంబంధిత ఉద్యోగిని తప్పించారు.

అన్నీ ఇలాగే ముగిశాయని చెబితే అబద్ధమవుతుంది. తనిఖీల్లో తేలిన సొమ్ములో తిరిగి వసూలైంది తక్కువ భాగమే. ఒక చోట తీసేసిన మనిషి ఇంకో చోట చేరిన సందర్భాలున్నాయి. కొన్ని ఊళ్లలో గ్రామసభ గొడవలో చెదిరిపోయింది. సాక్ష్యం చెప్పినవాళ్లకు ఆ తర్వాత పని సరిగా చూపించని ఊళ్లూ ఉన్నాయి. ఆ కోపం నాలో ఇప్పటికీ చల్లారలేదు, చల్లారకూడదు కూడా.

అయినా నాకు ఆశ పోలేదు. మేం మళ్లీ అదే కాలనీకి వెళ్లేసరికి, మమ్మల్ని చూడకముందే అక్కడి ఆడవాళ్లు పే స్లిప్పులు ఒక ప్లాస్టిక్ కవర్లో దాచి పెట్టుకుని ఉన్నారు. వారం వారం ఎన్ని రోజులు పోయారో గోడ మీద బొగ్గుతో గీతలు గీసుకున్నారు. ఎవరూ చెప్పలేదు, వాళ్లే మొదలుపెట్టారు. ఇది ఏ రికవరీ లెక్కలోనూ కనిపించదు. గెలుపు ఓటముల లెక్క చూసుకుంటూ కూర్చుంటే నేను ఎప్పుడో ఇంటికి పోయేదాన్ని. ఆ బొగ్గు గీతల లాంటివి వెతుక్కుంటూ పోయాను కాబట్టి నిలబడ్డాను.

ఇప్పుడు మీ సంగతి. మీరు సిటీలో ఒక్కరే ఉన్నారు, ఫోనులో రోజూ వంద అన్యాయాలు చూస్తున్నారు. వాటిలో ఒక్కటీ మీ చేతికి అందేది కాదు, అందుకే అంత టెన్షన్. చేతికి అందే ఒక్కదాన్ని పట్టుకోండి. మీ వీధిలో రోడ్డు వేశారు, ఏడాదికే గుంతలు పడ్డాయి. మీ కాలనీ ఊడ్చే కార్మికులకు జీతం సరిగా పడటం లేదు. మీ పక్క బస్తీ అంగన్‌వాడీకి గుడ్లు రావడం లేదు. ఇలాంటిది ఏదో ఒకటి తీసుకుని సమాచార హక్కు కింద కాగితాలు అడగండి. తెలుగు రాష్ట్రాల్లో గ్రామ స్థాయి ఆఫీసులో దరఖాస్తు ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబు రావాలి, రాకపోతే అప్పీలు చేయండి. రోడ్డు గురించైతే ఎస్టిమేటు, కొలతల పుస్తకం, బిల్లుల నకళ్లు అని స్పష్టంగా రాయండి. "ఎందుకు ఇలా చేశారు" అని రాయకండి, దానికి జవాబు రాదు.

ఒక మాట మాత్రం గట్టిగా చెబుతాను. కాగితాలు వచ్చాక వాటిని ఒంటరిగా చదవకండి. చదివి ఫేస్‌బుక్‌లో పెట్టి ఊరుకోకండి కూడా. ఎవరి జీవితం ఆ కాగితంలో ఉందో వాళ్లను కూర్చోబెట్టి, వాళ్ల మధ్య గట్టిగా చదవండి. టీ కొట్టు దగ్గరైనా, అపార్ట్‌మెంట్ సెల్లారులోనైనా సరే. కార్మికుల విషయమైతే ముందు వాళ్లను అడగండి, వాళ్ల ఉద్యోగానికి ముప్పు రాకుండా ఎంతవరకు పోవాలో వాళ్లే నిర్ణయించాలి. ధైర్యం చేయమని పక్కవాళ్లకు చెప్పడం తేలిక, దెబ్బ తగిలేది వాళ్లకే కదా.

మీకు బొమ్మలు గీయడం వస్తే ఆ లెక్కను గోడ మీద బొమ్మగా గీయండి. పాట వస్తే పాట కట్టండి. ఏదీ రాకపోతే చదివి వినిపించండి, నేను చేసింది అదే.

మీ చుట్టూ ఏ పని మీద మీకు అనుమానం ఉందో రాయండి. దరఖాస్తులో ఏమేం అడగాలో కలిసి రాద్దాం.