విశ్రాంతి రోజున సన్మానాలు వద్దు

ప్రశ్న: మాస్టారూ, మాది పర్లాకిమిడి. ఉద్దానం కిడ్నీ రోగుల డయాలసిస్ ఖర్చులకి చందాలు పోగుచేస్తూ మా స్నేహితులం సైకిళ్ల మీద టెక్కలి, పలాస, సోంపేట, ఇచ్ఛాపురం మీదుగా పూరీ వెళ్తున్నాం. బరంపురంలో ఒక రోజు ఆగుతున్నాం. ఆ రోజు పొద్దున స్కూల్లో మీటింగు, మధ్యాహ్నం ఊళ్లో తెలుగువాళ్ల సన్మానం, సాయంత్రం సైకిళ్ల మీదే గోపాల్‌పూర్ బీచ్ అని మావాళ్లు ప్లాన్ వేశారు. నాకేమో తొడలు పట్టేశాయి, కూర్చునే చోట ఒరుసుకుపోయి మంట. నొప్పి మాత్ర వేసుకుని రమ్మంటున్నారు. పడుకుంటానంటే చందా ఇచ్చినవాళ్లు ఏమనుకుంటారని అంటున్నారు. ఏం చెయ్యను? – ఒక పాఠకురాలు

జవాబు: పడుకో తల్లీ, ఎవరేమనుకున్నా సరే. ఇలాంటి యాత్రల్లో తొక్కే రోజున సాయంత్రానికైనా నడుం వాలుస్తారు గానీ, ఆగిన రోజున దండలు, ఫొటోలు, ఉపన్యాసాలతో రాత్రి దాకా నిలబడే ఉంటారు. గంటల తరబడి తొక్కితే కండరాల్లో దాచుకున్న గ్లైకోజన్ అనే చక్కెర నిల్వ ఖాళీ అయిపోతుంది, కడుపునిండా అన్నం తిన్నా అది మళ్లీ నిండడానికి సుమారు 24 గంటలు పడుతుంది, అలిసిన కండరం బాగుపడాలన్నా మంచి నిద్ర ఉండాలి. సన్మానం చేస్తామన్నవాళ్ల మనసు మంచిదే. తిరుగు ప్రయాణంలో పెట్టుకోమనండి, లేదంటే మీలో ఒంట్లో బాగున్న ఒకరిద్దరు వెళ్లి గంటలో వచ్చెయ్యండి. చందాలిచ్చినవాళ్లకి ఈరోజు ఆగాం, రేపు బయల్దేరతాం అని ఉన్నదున్నట్టు మెసేజ్ పెట్టండి, వాళ్లు డబ్బిచ్చింది రోగుల కోసం, నీ కాళ్లు విరగ్గొట్టుకోమని కాదు.

ఇక ఆ నొప్పి మాత్ర. ఐబుప్రొఫెన్, డైక్లోఫినాక్ లాంటివి కిడ్నీలకి వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయి, ఎండలో చెమటోడ్చి ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు వాటి దెబ్బ ఇంకా ఎక్కువ. కవిటి, సోంపేట ఊళ్లలో కారణం ఇదీ అని ఇప్పటికీ తేలని జబ్బుతో డయాలసిస్ మంచాలెక్కినవాళ్ల కోసం తొక్కుతూ, మీ కిడ్నీలతో మీరే ఆడుకుంటారా? డాక్టర్ చెప్పకుండా వేసుకోవద్దు, పక్కవాళ్లకీ ఇవ్వొద్దు. మూత్రం లేత పసుపులోకి వచ్చేదాకా నీళ్లు తాగు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లలోనే కలుపు. మూత్రం కోలా రంగులో వచ్చిందంటే మాత్రం యాత్ర పక్కన పెట్టి నేరుగా ఆసుపత్రికి.

ఒరుసుకుపోయిన చోట సబ్బుతో మెల్లగా కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, రోజంతా వదులు నూలు బట్టలే కట్టుకో. సైక్లింగ్ షార్ట్స్ లోపల ఇంకే బట్టా వేసుకోకూడదు, సిగ్గుపడి ఎవరూ చెప్పరు గానీ ఆ కుట్టు ఒరుసుకునే సగం పుళ్లు వస్తాయి. లాడ్జిలో ఉతికాక షార్ట్స్ తిరగేసి, లోపలి మెత్త బయటికి వచ్చేట్టు ఫ్యాన్ కింద ఆరెయ్యి. పైబట్ట ఆరిపోయినా ఆ మెత్త వేలితో నొక్కితే చెమ్మ తగులుతుంది, సముద్రం దగ్గరి గాలికి మరీ ఆలస్యం. అందుకే రాత్రి కాదు, ఊళ్లో దిగగానే ఉతకాలి. చీము పడితే డాక్టర్‌కి చూపించు.

తిండికి బరంపురంలో ఏ లోటూ లేదు. మధ్యాహ్నం పెరుగూ ఉప్పూ కలిపిన పఖాళ పెట్టమను, మన చద్దన్నమే, నీళ్లూ పిండిపదార్థమూ ఉప్పూ ఒకేసారి అందుతాయి, పక్కన గుడ్డో చేపో పప్పో ఉంటే చాలు.

గోపాల్‌పూర్ రానూపోనూ 30 కిలోమీటర్లు, అంతగా చూడాలనుంటే బస్సెక్కండి. సైకిల్ పని అరగంట చాలు: చెయిన్ తుడిచి నూనె వెయ్యడం, బ్రేకులు చూడడం, టైరు చుట్టూ గుడ్డ తిప్పి గాజుముక్కా తీగముక్కా ఉంటే లాగెయ్యడం. మర్నాడు ఎండెక్కకముందే బయల్దేరి, ఛత్రపురం దాటేదాకా తేలిక గేర్లోనే తొక్కు. మంట తగ్గకపోతే ఆ రోజుకి నువ్వు సామాన్ల బండిలో కూర్చో.