ఎల్‌హెచ్‌డీ నడిపేవారికి మెడనొప్పి పని వల్లే వస్తుందా? బెల్టు వేసుకుంటే తగ్గుతుందా?

మీ అన్నయ్యగారు భూగర్భ గనిలో ఎల్‌హెచ్‌డీ (బొగ్గును బకెట్టుతో ఎత్తి మోసుకెళ్లి పోసే యంత్రం) ఆపరేటరని, మెడ, నడుము పట్టేస్తున్నాయని, నడుముకు బెల్టు కొనాలా అని అడిగారు. గోదావరిఖని ప్రాంతంలోని ఒక బాయిలో (బొగ్గు గనిలో) సపోర్ట్‌మన్‌గా, అంటే పైకప్పు కూలకుండా ఆధారాలు పెట్టే కార్మికుడిగా చేరి, తరువాత అదే యంత్రం నడిపినవాడిగా చెబుతున్నాను: బెల్టుతో తీరే బాధ కాదిది.

ఎల్‌హెచ్‌డీలో ఆపరేటరు కూర్చునేది ప్రయాణించే దిక్కుకు అడ్డంగా. బొగ్గు ఎత్తడానికి ముందుకు పోయేటప్పుడు మెడ ఒక పక్కకు, వెనక్కి వచ్చేటప్పుడు రెండో పక్కకు తిప్పే ఉంచాలి. బకెట్టు నిండితే దారి కనబడక నడుము కూడా వంచవలసి వస్తుంది. ఆ భంగిమలో ఉండగానే నీళ్లు నిలిచిన గుంతల కుదుపులు సీటు గుండా వెన్నుకు తగులుతాయి. మెలితిరిగిన మెడకు కుదుపు తోడైతేనే అసలు హాని. బరువు ఎత్తేది లేదు కనుక, తట్టా చెమ్మస్ (పార) పట్టి బొగ్గు నింపిన పాత ఫిల్లర్లకు ఇది కూర్చుని చేసే సుఖమైన పనిగా తోస్తుంది. వారికి అరిగినవి నడుము, మోకాళ్లు; పైకప్పులో బిగించే రూఫ్ బోల్టుల కోసం చేతులు పైకెత్తి డ్రిల్లు పట్టే సపోర్ట్‌మన్‌కు పోయేది భుజం.

పట్టుబట్టవలసింది సీటు గురించి, దారి గురించి. కుంగిన సీటు, అరిగిన స్పాంజి మార్చమని, యంత్రం తిరిగే దారి చదును చేసి నీళ్లు తోడించమని ఓవర్‌మన్‌ను (షిఫ్టులో పని పర్యవేక్షించే ఆయనను) అడగమనండి. ఇద్దరు ఆపరేటర్లుంటే షిఫ్టు మధ్యలో మారడం ఏ మాత్రకన్నా మేలు. గుంతల దగ్గర వేగం తగ్గించడం మాత్రం మీ అన్నయ్యగారి చేతిలోనే ఉంది.

ఇలాంటి నొప్పి ఏదో ఒక రోజున జరిగిన ప్రమాదం కాదు కాబట్టి రికార్డుకెక్కదు. బ్రిటన్‌లో కూడా భూగర్భ గని కార్మికుల మోకాలి కీళ్ల అరుగుదలను వృత్తి వ్యాధిగా 2009 దాకా చేర్చలేదు. పీఎంఈలో (గని కార్మికులకు నిర్ణీత కాలానికోసారి జరిపే వైద్య పరీక్షలో) ఛాతీ ఎక్స్‌రే, వినికిడి పరీక్ష ఎలాగూ చేస్తారు. మెడ సంగతి మనం చెబితే తప్ప కాగితం మీదకు రాదు. డాక్టరు దగ్గర “మెడ నొప్పి” అని ఊరుకోకుండా, ఏ యంత్రం, ఎటు తిరిగి కూర్చుంటారు, ఎన్నేళ్లుగా అన్నది చెప్పి రాయించుకోమనండి. చేతివేళ్లు తిమ్మిరెక్కినా, పట్టు తగ్గినా, నడకలో తూలు వచ్చినా పీఎంఈ దాకా ఆగకుండా వెంటనే ఎముకల వైద్యుడికి చూపించాలి.