రాండాల్ఫ్ కౌంటీ తొలి బాప్టిస్టు సంఘాల జాడ ఎక్కడ దొరుకుతుంది?

అమెరికాలోని నార్త్ కరోలినాలో ఉన్న రాండాల్ఫ్ కౌంటీ బాప్టిస్టు సంఘాల మూలాలు ఎలా వెతకాలని మీ ప్రశ్న. అసలు చిక్కు ఏంటంటే, సంఘం కంటే కౌంటీయే వయసులో చిన్నది! కౌంటీ ఏర్పడింది 1779లో. అంతకుముందు కాగితాలు కావాలంటే గిల్‌ఫర్డ్ కౌంటీ, 1771కి ముందువైతే ఆరెంజ్, రోవన్ కౌంటీల భూమి పత్రాలు, వీలునామాలు తిరగేయాలి.

కథ 1755లో మొదలైంది. కనెక్టికట్‌లో బోధకుడిగా పనిచేసిన షూబల్ స్టెర్న్స్ ఇక్కడికి వచ్చి శాండీ క్రీక్ దగ్గర సంఘం పెట్టాడు. 1772లో ఈ ప్రాంతం తిరిగిన బాప్టిస్టు చరిత్రకారుడు మోర్గన్ ఎడ్వర్డ్స్ రాసిన లెక్క చూడండి: సభ్యులు 16 మంది నుంచి 606కి పెరిగి, చివరికి 14కి పడిపోయారు. విశ్వాసం సన్నగిల్లి కాదు. పన్నుల దోపిడీపై తిరగబడ్డ రెగ్యులేటర్లు 1771 మేలో అలమాన్స్ పోరులో ఓడిపోయాక, జనం కుటుంబాలతో సహా వలస పోయారు. ఆ సంఘం నుంచి 17 ఏళ్లలో 42 సంఘాలు పుట్టాయని కూడా ఆయనే రాశాడు.

అందుకే ఒక్క కౌంటీకే అతుక్కుపోతే లాభం లేదు. సంఘాల మినిట్స్ (సమావేశాల నమోదు) పుస్తకాల్లో, సభ్యులు ఊరు మారేటప్పుడు ఇచ్చిన బదిలీ ఉత్తరాల ప్రస్తావన వెతకండి. నా లెక్కలో సమాధిరాళ్ల కంటే అవే నమ్మకమైనవి.