సోషల్ మీడియా ప్రమోషన్ వల్ల సినిమాలకు నిజంగా టికెట్లు తెగుతాయా?

తెగవు. మీరు అనుకునే పద్ధతిలో అయితే అసలు తెగవు. "టీజర్‌కు కోటి వ్యూస్ వస్తే అందులో పదో వంతు మందైనా థియేటర్‌కు రారా?" అని అడిగారు. ఆ లెక్క నేనూ ఒకప్పుడు వేసినవాడినే, జీతం తీసుకుని మరీ వేశాను. కృష్ణానగర్‌లో సినిమాలకు డిజిటల్ ప్రమోషన్ చేసే ఒక చిన్న ఆఫీసులో మూడేళ్ళు పనిచేశాను.

ముందు ఆ కోటి సంగతి. వీడియోను డబ్బు కట్టి యూట్యూబ్‌లో యాడ్‌గా వేయిస్తే, 30 సెకన్లు ఆడినా వ్యూ కిందే లెక్క. గారెలు చేయడానికి వంటల వీడియో పెట్టుకుని, చేతులకు పిండి ఉండి స్కిప్ నొక్కలేకపోయిన మా అత్తయ్య కూడా మా టీజర్‌కు ఒక వ్యూ. ఆవిడ టికెట్ కొంటుందా? 2019 జులైలో హిందీ ర్యాపర్ బాద్‌షా పాట ‘పాగల్’కు ఒక్క రోజులో 7.5 కోట్ల వ్యూస్ అన్నారు. అందులో యాడ్ల వాటా ఎంత అని గొడవయింది. సెప్టెంబరుకల్లా యూట్యూబే మ్యూజిక్ చార్టుల్లో, 24 గంటల రికార్డుల్లో యాడ్ వ్యూస్ కలపబోమని చెప్పింది. మన పోస్టర్ల మీద మాత్రం ఆ అంకెలు ఇంకా మెరుస్తూనే ఉన్నాయి.

ఇక నా కథ. ఒక చిన్న సినిమా వచ్చింది. హీరో కొత్త. నిర్మాత గారు భీమవరం వైపు రొయ్యల చెరువుల్లో సంపాదించింది తెచ్చి పెట్టారు. ప్రతి పోస్టర్‌కూ ముహూర్తం చూసేవారు. ట్రైలర్ శుక్రవారం అనుకున్నాం. పదిన్నర నుంచి పన్నెండు దాకా రాహుకాలం కాబట్టి 12.06కి వదలమన్నారు, వదిలాం. సాయంత్రం మీమ్ పేజీలు అందుకోవాలి. ముప్పై అయిదు పేజీల అడ్మిన్లు ఉన్న వాట్సాప్ గ్రూపులో నేనే మెసేజ్ పెట్టాను: "అన్నలూ, ఫోటోతో పాటు ఈ క్యాప్షన్ ఆరింటికి పెట్టండి. ‘ఈ మధ్య ఇంత నవ్వించిన ట్రైలర్ చూళ్ళేదు మామా.’ మనం పెట్టించినట్టు అస్సలు తెలియకూడదు. పేమెంట్ రేపు."

ఆరు గంటల రెండు నిమిషాలకు ఒక పేజీలో నా మెసేజ్ మొత్తం, ‘అన్నలూ’ దగ్గర్నుంచి ‘రేపు’ దాకా, పొల్లు పోకుండా పోస్టయింది. అడ్మిన్‌కు ఫోన్ చేస్తే ఎత్తడు. పోస్టు ఆరింటికి దానంతటదే పడేలా మధ్యాహ్నమే టైమ్ పెట్టేసి క్రికెట్ ఆడుకోవడానికి వెళ్ళాడట! ఏడింటికల్లా స్క్రీన్‌షాట్లు ఊరంతా తిరిగాయి. ట్రైలర్ కింద ఏ కామెంట్ చూసినా "చాలా బాగుంది, పేమెంట్ రేపు" అనే. నాకు చెమటలు. అప్పుడే నిర్మాత గారి ఫోన్: "ఏవయ్యా, మన బొమ్మ పేరు ట్విట్టర్లో మోగిపోతోందంట గదా!" మా బాస్ ఫోన్ పట్టుకుని బాల్కనీలోకి వెళ్ళిపోయాడు.

మరుసటి శుక్రవారం మార్నింగ్ షోకి క్రాస్ రోడ్స్ వెళ్ళాను. ట్రైలర్ వ్యూస్ 30 లక్షలు దాటాయి. హాల్లో జనం 41 మంది, అందులో ఏడుగురం మేమే. ఇంటర్వెల్లో వెనక వరుసలో ఇద్దరు కుర్రాళ్ళు మాట్లాడుకుంటుంటే విన్నాను. "పేమెంట్ రేపు సినిమా ఇదే కదరా?" అని. మూడు నెలల ప్రమోషన్‌లో నాకు తెలిసి తెగిన టికెట్లు ఆ రెండే. అవీ నా పొరపాటు వల్ల.

డబ్బిచ్చి అనిపించిన మాట మామూలు జనానికి ఎక్కడో తేడాగా వినిపిస్తుంది. కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడని 2015 జులై నుంచి 2017 ఏప్రిల్ దాకా దేశమంతా అడిగిందంటే, ఆ ప్రశ్న సినిమా చివర్లోనే ఉంది కాబట్టి. నాటు నాటు పాట 2021 నవంబరులో వచ్చింది, సినిమా 2022 మార్చిలో. మధ్యలో వంటింట్లో, కాలేజీ కారిడార్లో కాళ్ళు విసిరినవాళ్ళలో ఎంతమందికి ఎవరో డబ్బిచ్చారు? స్టెప్పు బాగుంది, వేశారు. తర్వాత మాలాంటి ఆఫీసులన్నీ "స్ట్రాటజీ" అని స్లయిడ్లు చేసుకున్నాయి.

ఇంకొకటి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. ‘రేపు ఉదయం అప్‌డేట్ ఎప్పుడో చెబుతాం’ అని ఒక అప్‌డేట్. దానికో పోస్టర్. ఆ పైన ప్రీ లుక్, ఫస్ట్ లుక్, గ్లింప్స్, టీజర్, పాటకు ప్రోమో. పెళ్ళికి ముందు ఇన్నిసార్లు పసుపు దంచుతామా? ఇవి చాలక రీల్స్ చేసే అమ్మాయి హీరోను పట్టుకుని "బిర్యానీయా, పులిహోరా?" అని అడుగుతుంది. పోనీ ఆ హీరో అయినా సినిమా కథేంటో ఒక్క ముక్క చెప్తాడా?

ఆ సినిమా రెండో వారానికి ఎత్తేశారు. నిర్మాత గారు మళ్ళీ చెరువుల దగ్గరికి వెళ్ళిపోయారు. మా బిల్లులో సగం అప్పటికీ రాలేదు. అడగమని బాస్‌కు రెండుసార్లు చెప్పాను. "అడిగితే ఆయన ఏమంటాడో నీకు తెలీదా?" అని నా వైపు ఓ చూపు చూశాడు.