గాటో ఎయిర్‌బేస్ చూడబోయే మా సౌజన్యకి

చిరంజీవి సౌజన్యకు,

బాబాయ్ ఆశీస్సులు. కోర్సులో ఏదైనా పాత సైనిక విమానాశ్రయం గురించి వ్యాసం రాయమన్నారని, నువ్వు గాటోని ఎంచుకున్నావని మీ పిన్ని చెప్పింది. చాలా సంతోషం. ఇప్పుడది వైమానిక దళ మ్యూజియం. బెర్లిన్ పడమటి జిల్లా ష్పాండావ్‌లోని మా ఇంటికి దగ్గరలోనే ఉందని కాదు. గత తొంభై ఏళ్ల జర్మనీ చరిత్ర ఒకే నేల మీద ఇంత స్పష్టంగా కనబడే చోట్లు బెర్లిన్‌లో కూడా ఎక్కువ లేవు. వెళ్లేముందు నీకు నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

మొదటి మాట. లోపలికి వెళ్లగానే మైదానంలో నిలబెట్టిన విమానాల వైపు పరుగెత్తకు. అందరూ అదే చేస్తారు, ఫొటోలు తీసుకుని తిరిగొచ్చేస్తారు. ఎయిర్‌బేస్ కథ కంచె లోపల సగమే ఉంటుంది. మిగతా సగం కంచె బయట, దానివల్ల బతికినవాళ్ల దగ్గర, దానివల్ల నష్టపోయినవాళ్ల దగ్గర ఉంటుంది. ప్రతి కాలంలోనూ ఈ రన్‌వే ఎవరికోసం పనిచేసింది, దాని ఖరీదు ఎవరు కట్టారు అని అడుగుతూ నడువు. వ్యాసానికి వెన్నెముక దానంతటదే దొరుకుతుంది.

పుట్టుక నుంచి మొదలుపెట్టు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత వెర్సాయ్ ఒప్పందం జర్మనీకి వైమానిక దళం ఉండకూడదంది. హిట్లర్ ప్రభుత్వం కొన్నాళ్లు చాటుగా తయారుచేసి, 1935 మార్చిలో మాకు లుఫ్ట్‌వాఫె ఉందని బాహాటంగా ప్రకటించింది. ఆ ఏడాదే గాటో తెరిచారు. అది అధికారులకు శిక్షణ ఇచ్చే వైమానిక యుద్ధ పాఠశాల. మన దుండిగల్ అకాడమీ ఏ పని చేస్తుందో ఆ పని అనుకో. భవనాలు గీసింది ఎర్న్‌స్ట్ జాగెబీల్. హిట్లర్ విమానయాన మంత్రి గోరింగ్ మంత్రిత్వ శాఖ భవనం, టెంపెల్‌హోఫ్ విమానాశ్రయం కూడా ఆయన గీసినవే. ఆ బ్యారకులు, హ్యాంగర్లు ఇప్పటికీ నిలబడి ఉన్నాయి, చూడ్డానికి ముచ్చటగా కూడా ఉంటాయి. వాటి అందం గురించి రాయి, తప్పు లేదు. కానీ ఆ దళమే 1937లో స్పెయిన్‌లోని గెర్నికా మీద, 1939లో వార్సా మీద బాంబులు కురిపించిందన్న వాక్యం దాని పక్కనే ఉండాలి. 1948లో దిగ్బంధంలో చిక్కిన పశ్చిమ బెర్లిన్‌కి విమానాల్లో సరుకులు మోసిన ఎయిర్‌లిఫ్ట్ కథ మీద ప్రేమతో చాలామంది ఈ మొదటి పదేళ్లను ఒక్క లైనులో దాటేస్తారు. నాకది చాలా బాధగా ఉంటుంది. నువ్వలా చెయ్యకు.

1945 ఏప్రిల్ చివర, సోవియట్ సేనలు బెర్లిన్‌ని చుట్టుముట్టినప్పుడు, హన్నా రైచ్ అనే పైలట్, జనరల్ ఫాన్ గ్రైమ్ ఇక్కడే దిగి, ఇక్కడి నుంచి చిన్న ష్టోర్క్ విమానంలో హిట్లర్ బంకర్ ఉన్న నగరం నడిబొడ్డుకి వెళ్లారు. జూలైకల్లా పోట్స్‌డామ్ సమావేశానికి వచ్చిన ట్రూమన్, చర్చిల్ దిగిందీ ఇక్కడే. నాజీ సైన్యాధికారి వాడిన నేల మీదే మూడు నెలలు తిరక్కుండా విజేతలు కాలు పెట్టారు.

ఇక్కడ కొంచెం ఆగి, ఎవరూ పెద్దగా రాయని ఒక విషయం తవ్వమని నా కోరిక. నగరాన్ని అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్, సోవియట్ యూనియన్ పంచుకున్నప్పుడు గాటో బ్రిటిష్‌వాళ్ల వంతుకి వచ్చింది. కానీ ఎయిర్‌ఫీల్డ్ పడమటి అంచున కొంత నేల సోవియట్ మండలంలో ఉంది. అందుకని 1945 ఆగస్టులో ఇచ్చిపుచ్చుకున్నారు. ఆ ముక్క బ్రిటిష్‌వాళ్లు తీసుకుని, బదులుగా ష్టాకెన్ అనే ఊరి పడమటి సగాన్ని సోవియట్‌వాళ్లకి వదిలేశారు. కాగితం మీద అది గీత జరపడమే. 1951లో తూర్పు జర్మనీ పడమటి ష్టాకెన్‌ని తన పాలనలోకి తీసుకుంది. తర్వాత 1961లో బెర్లిన్ గోడ వచ్చింది. 1990లో జర్మనీ ఒకటయ్యేదాకా ఆ సగం ష్పాండావ్‌లో తిరిగి కలవలేదు. ఒక రన్‌వే కోసం ఒక ఊరు నలభై ఐదేళ్లు రెండు ముక్కలైంది. మ్యూజియం చూసిన రోజు కాకపోయినా, మరో రోజు ష్టాకెన్ వీధుల్లో తప్పకుండా నడిచి రా. వ్యాసంలో ఆ ఊరికి ఒక పేరా ఇవ్వు.

ఇక ఎయిర్‌లిఫ్ట్. 1948 జూన్‌లో స్టాలిన్ పశ్చిమ బెర్లిన్‌కి రోడ్డు, రైలు, కాలువ దారులన్నీ మూయించాడు. ఇరవై లక్షల పైచిలుకు జనానికి తిండి, బొగ్గు ఆకాశం నుంచి దించాల్సి వచ్చింది. అమెరికన్లకి టెంపెల్‌హోఫ్, బ్రిటిష్‌వాళ్లకి గాటో ముఖ్య స్థావరాలు. అవి చాలక టెగెల్‌లో మూడో విమానాశ్రయం కట్టారు. కూలిన ఇళ్ల శిథిలాలు పరిచి దాని రన్‌వేని మూడు నెలల్లో లేపినవాళ్లు బెర్లిన్ మనుషులే, వాళ్లలో సగానికి దగ్గర ఆడవాళ్లు. సివిల్ ఇంజనీరుగా జీవితమంతా సైట్ల మీద గడిపినవాణ్ని కాబట్టి చెప్తున్నాను, అది మాటలతో అయ్యే పని కాదు.

ఈ భాగం రాసేటప్పుడు పైలట్ల ధైర్యం మీదే నిలబడిపోకు. పద్ధతిని అర్థం చేసుకో. బెర్లిన్‌కి మూడు గగన మార్గాలు ఉండేవి, ఒక్కోటి 32 కిలోమీటర్ల వెడల్పు. ఉత్తరం, దక్షిణం మార్గాల్లో లోపలికి, మధ్య మార్గంలో బయటికి. ఎదురెదురు విమానాలు లేకుండా చక్రంలా తిప్పారు. 1949 ఏప్రిల్ 15, 16 తేదీల్లో 24 గంటల్లో 1,398 విమానాలు 12,941 టన్నులు దించాయి. మొత్తం మీద సుమారు 23 లక్షల టన్నులు. అందులో మూడింట రెండు వంతులు బొగ్గే. పిల్లల కోసం చాక్లెట్లు జారవిడిచిన కథ అందరికీ తెలుసు, అందమైన కథ. కానీ ఆ చలికాలం నగరాన్ని బతికించింది నల్లటి బొగ్గు బస్తాలు, వాటిని విమానం ఆగీ ఆగకముందే దించిన జర్మన్ కూలీలు.

గాటోకి మాత్రమే చెందిన ఒక ముచ్చట ఉంది. పక్కనే హాఫెల్ నది. అక్కడ నీళ్ల మీద దిగే సండర్‌లాండ్ విమానాలు హాంబుర్గ్ నుంచి ఉప్పు తెచ్చేవి. మామూలు విమానాల లోహాన్ని ఉప్పు తినేస్తుంది. సముద్రం మీద తిరగడానికి చేసినవి కాబట్టి వీటికి తుప్పు పట్టకుండా ముందే పూత ఉంటుంది. తిరిగి వెళ్లేటప్పుడు నీరసించిన పిల్లల్ని ఎక్కించుకుపోయేవి. డిసెంబర్‌లో మంచు గడ్డల భయంతో ఆపేశారు. అందుకే నిన్ను బస్సులో కాకుండా వాన్‌జే స్టేషన్ దగ్గర ఎఫ్10 ఫెర్రీ ఎక్కి గాటో పక్కనే ఉన్న క్లాడోకి రమ్మంటున్నాను. నీ దగ్గరున్న మామూలు సిటీ టికెట్ చాలు, ఇరవై నిమిషాల ప్రయాణం. ఆ నీటి వెడల్పు కళ్లతో చూశాక ఆ విమానాలు ఎందుకు ఇక్కడికే వచ్చాయో ఎవరూ చెప్పనక్కర్లేదు.

చనిపోయినవాళ్లని మర్చిపోకు. దిగ్బంధానికి ముందే, 1948 ఏప్రిల్ 5న, గాటోలో దిగబోతున్న బ్రిటిష్ ప్రయాణికుల విమానాన్ని ఒక సోవియట్ యుద్ధ విమానం గుద్దింది. అటు 14 మంది, ఇటు పైలట్, అందరూ పోయారు. ఎయిర్‌లిఫ్ట్‌లో 39 మంది బ్రిటిష్‌వాళ్లు, 31 మంది అమెరికన్లు ప్రాణాలిచ్చారు. జర్మన్ పనివాళ్లూ పోయారు. టెంపెల్‌హోఫ్ ముందు 1951లో కట్టిన స్మారకం ఉంది. గగన మార్గాలకు గుర్తుగా పైన మూడు కొమ్ములు, కింద పేర్లు. ఆ పేర్లు నిలబడి చదువు. మూడేళ్ల క్రితం దాకా ఈ నగరం మీద బాంబులు వేసిన దేశాలవాళ్లే దీనికి అన్నం మోస్తూ చనిపోయారన్నది నన్ను ఇప్పటికీ కదిలిస్తుంది.

ప్రచ్ఛన్న యుద్ధపు దశాబ్దాల్ని క్లుప్తంగా ముగించినా పర్వాలేదు. గోడ ఎయిర్‌ఫీల్డ్ పడమటి అంచునే పోయింది. గాటోలో బ్రిటిష్‌వాళ్లు రెండు చిన్న చిప్‌మంక్ శిక్షణ విమానాలు ఉంచుకుని, వాటితో నగరం చుట్టూ ఉన్న సోవియట్, తూర్పు జర్మన్ దళాల ఫొటోలు తీసేవారు. నాలుగు దేశాల ఒప్పందం ప్రకారం బెర్లిన్ చుట్టుపక్కల ఎగిరే హక్కు వాళ్లకి ఉండేది. వాటిలో ఒకటి బెర్లిన్‌లోనే డాలెమ్‌లో ఉన్న అలియీర్టెన్ (మిత్రదేశాల) మ్యూజియంలో ఉంది, ఎయిర్‌లిఫ్ట్‌లో వాడిన రకం హేస్టింగ్స్ విమానం కూడా అక్కడే.

1994 సెప్టెంబర్‌లో బ్రిటిష్‌వాళ్లు గాటోని జర్మన్ సైన్యానికి అప్పగించారు. మరుసటి ఏడాది వైమానిక దళ మ్యూజియం ఉత్తరాది నుంచి ఇక్కడికి మారింది. పక్కనున్న బ్యారకులు ఇంకా సైన్యం చేతిలోనే ఉన్నాయి, అటు కెమెరా తిప్పకు. వాటికి యోహన్నెస్ ష్టైన్‌హోఫ్ పేరు పెట్టారు. నాజీ కాలంలో యుద్ధ పైలట్, 1945లో జెట్ విమాన ప్రమాదంలో ముఖమంతా కాలిపోయినవాడు, తర్వాత పశ్చిమ జర్మనీ వైమానిక దళాధిపతి. ఆయన చక్కదిద్దాల్సి వచ్చిన స్టార్‌ఫైటర్ విమానం మైదానంలో చూస్తావు. పశ్చిమ జర్మనీ కొన్న 916లో 292 కూలిపోయాయి, 116 మంది పైలట్లు చనిపోయారు. ఆ పక్కనే తూర్పు జర్మనీ మిగ్‌లు. ఒకదాన్నొకటి కాల్చడానికి తయారైన రెండు జర్మనీల విమానాలు ఒకే గడ్డి మీద ఎండకి వానకి నిలబడి ఉంటాయి. అక్కడ మాత్రం నీకు నచ్చినంతసేపు ఉండు.

బయటికొచ్చాక ఎయిర్‌ఫీల్డ్ నేలలో కట్టిన కొత్త ఇళ్ల మధ్య కాసేపు తిరుగు. పిల్లల సైకిళ్లు, చిన్న తోటలు ఉంటాయి. సైన్యం వదిలిన నేలని ఏం చేయాలన్న ప్రశ్న జర్మనీ అంతటా ఉంది. టెంపెల్‌హోఫ్‌లో 2014లో జనం ఓటేసి ఇళ్లు వద్దు, మైదానం మైదానంలాగే ఉండాలన్నారు. గాటోలో ఇళ్లు వచ్చాయి. రెండిట్లో ఏది మేలో నీ అభిప్రాయం నువ్వు రాయి. ఇళ్లు దొరక్క నువ్వు పడ్డ అవస్థ చూసినవాణ్ని కాబట్టి నా మొగ్గు ఎటో నీకు తెలుసు.

సోమవారం వెళ్లకు, మూసి ఉంటుంది. ప్రవేశం ఉచితం. ఆ మైదానంలో గాలి విపరీతంగా కొడుతుంది, మందపాటి కోటు వేసుకో. తిరిగి వచ్చేటప్పుడు 135 బస్సు ఎక్కితే ష్పాండావ్‌లో దిగుతావు, అక్కడి నుంచి మా ఇల్లు నీకు తెలిసిందే. రాసిన కాగితాలు తీసుకురా, ష్టాకెన్ పేరా ముందు చదువుతాను. పిన్ని గోంగూర పచ్చడి పెట్టి ఉంచింది.

ప్రేమతో,
మీ బాబాయ్